పాత కారు ఇంజన్ కొనేముందు ఎట్లా చూడాలి

అమ్మేవాళ్లకు ఫోన్ చేసినప్పుడు రేటు అడగడం కన్నా ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది: "అన్నా, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు." పాత ఇంజన్‌లో ఉన్న రోగాలు చాలావరకు అది చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. మొదటి సెల్ఫ్‌కు ఎంతసేపు తిరిగింది, తొలి నిమిషంలో ఏ రంగు పొగ వచ్చింది, పిస్టన్ ఎంత గలగలలాడింది, రేడియేటర్‌లో బుడగలు లేచాయా అన్నవన్నీ ముందే ఒక అరగంట నడిపి ఉంచితే దొరకవు. వెళ్లగానే ఇంజన్ పైభాగమైన హెడ్ మీద, పక్కన గొట్టాలు కలిసే మానిఫోల్డ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు రావడమే మేలు. మే నెలలో కర్నూలు, కడపల్లో ఎండలో నిలిపిన బండి ఇనుమంతా ఎట్లాగూ కాలుతుంటుంది, చెయ్యి పెట్టి ఏమీ తేల్చుకోలేం. అందుకని పొద్దున ఆరింటికే అక్కడుండండి.

ఈ వైపు పాత బండ్లంటే ఎక్కువగా మూడు రకాలు. అంబాసిడర్, ఫియట్, జీపు. పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్ 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్: సిలిండర్లుండే బ్లాకూ, దాని మీది హెడ్డూ రెండూ పోత ఇనుమే, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌కు మూడే మెయిన్ బేరింగులు. 1990ల్లో 1817 సీసీ ఇసుజు పెట్రోల్ ఇంజన్ వచ్చింది, దాని లెక్క వేరు. ఫియట్ 1100, ఆ తర్వాతి ప్రీమియర్ పద్మినిలది 1089 సీసీ. బ్లాక్ ఇనుము, హెడ్ అల్యూమినియం. పాత విల్లీస్ నమూనా మహీంద్రా జీపుల్లో 2.2 లీటర్ల హరికేన్ పెట్రోల్ ఇంజన్ ఉంటుంది. ఇందులో ఇన్‌లెట్ వాల్వులు హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాక్‌లో. ఈ ఒక్క తేడా వల్ల రిపేరు ఖర్చు ఎట్లా మారుతుందో కింద చెప్తాం.

చూడబోయే ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. బ్లాక్, హెడ్, క్రాంక్ షాఫ్ట్, ఈ మూడూ పనికొచ్చేవైతే మిగతావన్నీ డబ్బుతో, ఓపికతో తీరే పనులు. కార్బొరేటర్, డైనమో, పెట్రోల్ పంపు, రింగులు, బేరింగులు ఏవైనా హైదరాబాద్ రాణిగంజ్‌లోనో, బెంగళూరు జేసీ రోడ్‌లోనో, చెన్నై పుదుపేటలోనో వెతికితే దొరికే అవకాశముంది. పగిలిన బ్లాక్‌కు మాత్రం ఇంకో బ్లాక్ వెతకాల్సిందే, దాని నంబరు మీ ఆర్సీలో ఉండదు. కాబట్టి ఇంజన్ ఎంత మెరుస్తోంది, మీటర్ ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోంది అన్నవి పక్కనపెట్టండి. ఐదంకెల మీటర్ లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అది ఎన్నిసార్లు తిరిగిందో చెప్పేదెవరు?

వెంట తీసుకెళ్లాల్సినవి

14 ఎంఎం మరతో కంప్రెషన్ గేజ్, ఆయిల్ ప్రెషర్ చూసే మెకానికల్ గేజ్, దాని పైపు, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్, ప్లగ్ స్పానర్, టార్చ్, పళ్ల డాక్టర్ వాడే మాదిరి చిన్న అద్దం, అయస్కాంతం, సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి, 100 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్, అర లీటరు కిరోసిన్, పాత గుడ్డలు, పెద్ద తెల్ల అట్టముక్క. మానిఫోల్డ్‌లో గాలి లాగుడు కొలిచే వ్యాక్యూమ్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. అంబాసిడర్‌కో జీపుకో వెళ్తుంటే, ముందు నుంచి చేత్తో ఇంజన్ తిప్పే హ్యాండిల్ రాడ్ అమ్మేవాళ్ల దగ్గర ఉందో లేదో ముందే అడగండి.

బ్యాటరీ డౌన్ అయిందని మీ కారు నుంచి వైర్లు తగిలించే ముందు ఒక్క క్షణం ఆగండి. పాత జీపుల్లో కొన్ని 6 వోల్టులవి. పాత బ్రిటిష్ పద్ధతి వైరింగ్ ఉన్న బండ్లలో పాజిటివ్ బాడీకి ఎర్త్ అయి ఉండొచ్చు. చూసుకోకుండా కలిపితే ఇంజన్ చూడకముందే వైరింగ్ కాలిపోతుంది.

నంబరు, కాగితాలు

బ్లాక్ మీద ఇంజన్ నంబరు ఉన్నచోట కిరోసిన్ గుడ్డతో తుడిచి, అద్దం పెట్టి చదవండి, ఫోటో తీసుకోండి. అంకెల చుట్టూ ఇనుము రుద్దినట్టు నున్నగా ఉన్నా, అంకెలు ఒక వరసలో లేకున్నా, నంబరు రేకు రివెట్లు కొత్తవిగా కనిపించినా అనుమానించాల్సిందే. ఆర్సీలో ఇంధనం అన్నచోట ఏముందో కూడా చూడండి. పెట్రోల్ బండిలో డీజిల్ ఇంజన్ ఎక్కించి ఏళ్ల తరబడి తిప్పిన అంబాసిడర్లు, జీపులు దొరుకుతూనే ఉంటాయి. ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కకపోతే ట్రాన్స్‌ఫర్ దగ్గరా, ఎఫ్‌సీ దగ్గరా ఆగిపోతారు. బండి ఏపీ 02 (అనంతపురం) అయినా, 04 (కడప) అయినా, 21 (కర్నూలు) అయినా ఇది ఒకటే.

ఇంకో కోణం కూడా ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. కొత్తగా రిజిస్టర్ చేయడానికి ఫీజు 20,000 రూపాయలు. కాకపోతే ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలోనే ఉండాలి, రోజువారీ తిరుగుడుకు, కిరాయికి వాడకూడదు. ఆ ఆలోచనతో కొనేవాళ్లకు మార్చిన ఇంజన్ ఎంత బాగా నడిచినా పనికిరాదు.

స్టార్ట్ చేయకముందే

బండి రాత్రంతా నిలబడిన చోటు చూడండి. ఇంటి ముందు కడప బండ పరిచి ఉంటే ఆ నల్ల రాయి మీద ఆయిల్ మరక కంటికి ఆనదు. లేతరంగు బేతంచెర్ల బండ అయితే దాచలేరు. ఏదైనా సరే, తెల్ల అట్టముక్కను ఇంజన్ కిందికి తోసి మిగతా పనుల్లో పడండి. చివర్లో చూస్తే ఎక్కడ నుంచి ఎన్ని చుక్కలు పడ్డాయో తెలుస్తుంది. పాత అంబాసిడర్ ఇంజన్‌కు వెనక వైపు రబ్బర్ ఆయిల్ సీల్ ఉండదు. క్రాంక్ మీద కోసిన మర తిరుగుతూ ఆయిల్‌ను లోపలికి లాగుతుంది. కాబట్టి బెల్ హౌసింగ్ కింద ఒకటీ రెండూ చుక్కలు పడితే భయపడొద్దు. రాత్రికి అరచేతి వెడల్పు మరక పడుతుంటే మాత్రం వెనక మెయిన్ బేరింగ్ అరిగిందనో, బ్యాక్ కంప్రెషన్ (రింగులు దాటి ఇంజన్ కిందికి తన్నే గ్యాస్) ఎక్కువైందనో అర్థం.

ఇంజన్ అంతా నిన్ననే డీజిల్‌తో కడిగి, బ్లాక్‌కు కొత్త పెయింట్ వేసి ఉంటే సంతోషపడకండి. ఎక్కడ కారుతోందో చెప్పే మురికి పోయింది. మామూలు దుమ్ము పట్టిన ఇంజన్ మీద తడిగా ఉన్న గీత చూసి లీకు మూలం పట్టుకోవడం చాలా తేలిక.

డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ నల్లగా ఉండటం తప్పు కాదు. వేళ్ల మధ్య రుద్దితే గరుకుగా తగిలినా, వెలుతురులో పట్టుకుంటే వెండి పొడి మాదిరి మెరిసినా బేరింగులు అరుగుతున్నాయి. మరీ చిక్కగా తీగ సాగుతూ, గంధకం వాసన వస్తుంటే గేర్ ఆయిల్ కలిపారన్నమాట. శబ్దం తగ్గించడానికి, ప్రెషర్ ఎక్కువ చూపించడానికి చేసే పాత మోసం ఇది. ఆయిల్ గీత దాటి ఎక్కువగా ఉండి పెట్రోల్ వాసన కొడుతుంటే పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగి పెట్రోల్ సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నెలోకి) దిగుతోంది. పంపు చిన్న వస్తువే, కానీ పలచబడిన ఆయిల్‌తో ఎన్నాళ్లు నడిచిందో ఆ బేరింగులకే తెలియాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోల్‌లోని ఇథనాల్ పాత రబ్బర్‌ను మెత్తబరుస్తుంది, కాబట్టి పంపు డయాఫ్రమ్, పెట్రోల్ పైపులు, కార్బొరేటర్ గ్యాస్కెట్లు మార్చారా అని అడగండి. మార్చకపోతే అది మీ ఖర్చులో రాసుకోండి.

ఆయిల్ పోసే మూత తిప్పి లోపల చూడండి. మీగడ మాదిరి తెల్లటి జిగురు ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. వానాకాలంలో రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండికి మూత కింద కొంచెం ఏర్పడొచ్చు. డిప్‌స్టిక్ మీద కూడా ఉంటే ఇక సాకులు చెల్లవు. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే సంప్ డ్రెయిన్ బోల్టును మెల్లగా వదులు చేయండి. నీళ్లు బరువు కాబట్టి రాత్రంతా నిలబడిన ఇంజన్‌లో ఆయిల్ కన్నా ముందు అవే కారతాయి. దాదాపు నాలుగు లీటర్ల కొత్త 20డబ్ల్యూ-50 ఆయిల్ మీరే కొనుక్కుపోయి "పాతది దించి ఇది పోద్దామన్నా" అని అడగడం ఇంకా మంచి ఉపాయం. బేరం కుదరకపోతే పోయేది ఆయిల్ డబ్బే. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే సంప్‌లో ఏముందో, గేర్ ఆయిల్ ముసుగు తీస్తే ప్రెషర్ ఎంతో రెండూ తేలిపోతాయి. దించిన ఆయిల్‌లో అయస్కాంతం తిప్పండి. బేరింగ్ పొర అయస్కాంతానికి అంటదు కాబట్టి ఆయిల్‌ను గుడ్డలో వడకట్టి రాగిరంగు, వెండిరంగు రేకులున్నాయేమో చూడండి. రాగిరంగు కనబడిందంటే బేరింగ్ పైపొర అరిగి లోపలి పొర బయటపడింది.

నీళ్ల సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చూడాలి. విదేశీ పుస్తకాలు చలికి నీళ్లు గడ్డకట్టి బ్లాక్ పగిలిందేమో చూడమంటాయి. ఇక్కడ ఆ భయం లేదు. ఇక్కడ బ్లాకులు, హెడ్లు పగిలేది ఎండాకాలంలో ఉడికిపోయిన ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోసినందుకు. పైగా అనంతపురం వైపు బోరు నీళ్లు గట్టివి. ఇరవై ముప్పై ఏళ్లు అవే పోస్తే ఇంజన్‌లో నీళ్లు తిరిగే దారి, అంటే వాటర్ జాకెట్ లోపల సున్నం పేరుకుంటుంది, ముఖ్యంగా వెనక సిలిండర్ల చుట్టూ. పరీక్ష తేలిక: బ్లాక్ పక్కన ఉండే నీళ్ల ట్యాప్ తిప్పండి. నీళ్లు ధారగా రావాలి. చుక్క కూడా రాకపోతే సన్నని తీగతో పొడిచి చూడండి. అప్పటికీ రాకపోతే లోపల బురద గట్టిపడిపోయి ఉంది. అట్లాంటి ఇంజన్ ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉంటుంది, ఘాట్ ఎక్కితే ఉడుకుతుంది. రేడియేటర్ నీళ్లు పచ్చగా కనిపిస్తే కూలెంట్ అని తొందరపడొద్దు, వేలితో ముట్టి వాసన చూడండి. లీకు ఆపడానికి పసుపు పోసి ఉండొచ్చు. తుప్పురంగు నీళ్లు ఫరవాలేదు, పైన ఆయిల్ తెట్టు తేలితే ఫరవాలేదనలేం. థర్మోస్టాట్ పీకేసి ఉంటే ఎందుకు పీకారో అడగండి. చాలాసార్లు వేడెక్కే జబ్బుకు అదే చవక వైద్యం.

ఫియట్ హెడ్ అల్యూమినియం కాబట్టి నీళ్లు బయటికొచ్చే మెడ దగ్గర, గ్యాస్కెట్ అంచు వెంబడి తెల్లటి పొడి, గుంటలు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. అల్యూమినియం తినేసిన చోట వెల్డింగ్ చేసి మళ్లీ చదును చేయొచ్చు, కానీ ఇప్పటికే రెండు మూడుసార్లు చదును చేసి పలచబడిన హెడ్‌కు ఆ అవకాశం తక్కువ.

హ్యాండిల్‌తో దొరికే నిజాలు

ఇది అన్నిటికన్నా చవకైన పరీక్ష, చాలామంది వదిలేసేదీ ఇదే. ఇగ్నిషన్ ఆఫ్, గేర్ న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచండి, ఎప్పుడూ కింది నుంచి పైకి లాగండి. ఎదురు తన్నితే చెయ్యి విరగకుండా ఉండేది అట్లాగే.

ప్లగ్గులు బిగించే ఉంచి మెల్లగా రెండు చుట్లు తిప్పండి. నాలుగుసార్లు బిగువు తగలాలి, నాలుగూ ఒకేలా ఉండాలి. ఒకటి మెత్తగా జారిపోతే ఆ సిలిండర్‌లో గాలి నిలవడంలేదు. ఆ బిగువు దగ్గరే హ్యాండిల్ ఆనించి పట్టుకుని, ఇంకొకరిని చెవి పెట్టి వినమనండి. బుస్సుమనే శబ్దం కార్బొరేటర్ నోట్లో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వ్, సైలెన్సర్ చివర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ). రేడియేటర్‌లో బుడగ లేస్తే హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయింది, లేదా హెడ్ చిట్లింది. హ్యాండిల్ లేకపోతే టాప్ గేర్‌లో వేసి బండిని మెల్లగా తోసినా ఇదే బిగువు చూడొచ్చు.

ఇంకొకరిని క్లచ్ తొక్కి వదలమని చెప్పి, ముందు వైపు క్రాంక్ పుల్లీని చూస్తూ ఉండండి. పుల్లీ ముందుకూ వెనక్కూ కదలడం కంటికి కనిపిస్తే క్రాంక్ థ్రస్ట్ వాషర్లు అరిగాయి. ఇక్కడ ఉండాల్సిన ఖాళీ మిల్లీమీటర్‌లో పదో వంతుకు అటూఇటూ, కంటికి ఆనేంత ఉండకూడదు. వాషర్ విరిగి కిందపడిన ఇంజన్‌లో క్రాంక్ నేరుగా బ్లాక్‌ను గీస్తుంది, అంటే పైన చెప్పిన మూడింటిలో రెండు ఒకేసారి పోతాయి.

స్టార్ట్ చేశాక

ఇప్పుడు చోక్ లాగి సెల్ఫ్ కొట్టమనండి. మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. కీ తిప్పగానే ఆయిల్ లైటు వెలిగిందా, స్టార్ట్ అయ్యాక ఎన్ని సెకన్లకు ఆరింది అన్నది ఇంకొకరు చూడాలి. లైటు అసలు వెలగకపోతే బల్బు పోయిందనుకోకండి, వైరు లాగేశారేమో చూడండి.

స్టార్ట్ కాగానే ఒక్క పొగ మేఘం నీలంగా వచ్చి ఆగిపోతే వాల్వ్ గైడ్ల గుండా రాత్రి ఆయిల్ కిందికి దిగింది. హెడ్ పనితో తీరుతుంది. వేడెక్కాక కూడా ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తే రింగులు, బోరు. మెకానిక్ భాషలో "ఇంజన్ బోరుకొచ్చింది". తొలి రెండు నిమిషాల తెల్లటి ఆవిరి మామూలే, పదిహేను నిమిషాల తర్వాత కూడా ఆగకపోతే నీళ్లు కాలుతున్నాయి. నల్ల పొగ పెట్రోల్ ఎక్కువై వచ్చేది, కార్బొరేటర్ సెట్టింగ్. దాన్ని చూసి బేరం వదులుకోనవసరం లేదు.

ఇంజన్ చల్లగా ఉన్న ఆ మొదటి స్టార్ట్‌కే రేడియేటర్ మూత తీసి ఉంచి చూడండి. వరసగా చిన్న బుడగలు ఆగకుండా లేస్తుంటే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి పోతోంది. వేడెక్కాక మాత్రం ఆ మూత జోలికి పోవద్దు, మొహం కాలుతుంది.

వేడెక్కిన తర్వాత ఆయిల్ పోసే మూత తీసి, రంధ్రం మీద అట్టముక్క ఆనించండి. కొద్దిగా ఊపిరి తగలడం సహజం. రైలింజన్ మాదిరి చుక్ చుక్‌మని పొగ తన్నుతుంటే బ్యాక్ కంప్రెషన్ ఎక్కువ. కొందరు బ్రీదర్ పైపు ఊడదీసి కిందికి వంచేసి ఉంచుతారు, అందుకే మూత దగ్గర చూడాలి.

కంప్రెషన్ కొలవడం

ఇంజన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ విప్పండి, విప్పిన వరసలోనే అట్ట మీద పెట్టండి. గోధుమరంగు ప్లగ్ మంచిది. పొడిగా నల్లగా మసి పట్టినది పెట్రోల్ ఎక్కువైనది. తడిగా నూనె పట్టినది ఆయిల్ తాగే సిలిండర్‌ది. నాలుగింట్లో ఒక్కటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లొస్తున్నాయి, ఆవిరి దాన్ని కడిగేసింది. కొత్త ప్లగ్గులు వేసి పెట్టి ఉంటే ఈ సాక్ష్యం పోయినట్టే.

కాయిల్ సన్న వైరు తీసేయండి. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి, చోక్ తెరిచి ఉండాలి; థ్రోటిల్ మూసి కొలిస్తే గాలి అందక నాలుగు సిలిండర్లూ తప్పుగా తక్కువ చూపిస్తాయి. ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి ఆరేడు బిగువులు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టి అంకె రాసుకోండి. బ్యాటరీ మధ్యలో నీరసిస్తే చివరి సిలిండర్ అన్యాయంగా తక్కువ చూపిస్తుంది, కాబట్టి మొదటిదాన్ని చివర్లో మళ్లీ కొలవండి.

ఈ పాత ఇంజన్లవి తక్కువ కంప్రెషన్ నిష్పత్తులు. అంబాసిడర్, ఫియట్, పెట్రోల్ జీపుల్లో 110 నుంచి 140 పీఎస్ఐ వస్తే ఆరోగ్యమే. 90 కన్నా తగ్గితే అలసిపోయింది. అంకె కన్నా నాలుగింటి మధ్య తేడా ముఖ్యం: నాలుగూ 105 ఉన్న ఇంజన్, మూడు 130 ఉండి ఒకటి 80 ఉన్నదానికన్నా నయం. పది శాతం లోపు తేడా పట్టించుకోనక్కర్లేదు.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో సిరంజితో 5 నుంచి 10 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగుల సందును ఆయిల్ కాసేపు మూసిందన్నమాట, లోపం కిందే ఉంది. పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే మధ్యలో గ్యాస్కెట్ ఊదేసింది. అంబాసిడర్‌లో 2, 3 సిలిండర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ఆ రెండింటి ఎగ్జాస్ట్ దారి ఒకటే, ఆ రెండు వాల్వులూ పక్కపక్కనే ఉంటాయి. హెడ్‌లో అన్నిటికన్నా వేడెక్కే చోటు అదే, ఉడికిన ఇంజన్లలో చిట్లేదీ అక్కడే. అక్కడ కంప్రెషన్ తక్కువుండి నీళ్లు కూడా తగ్గుతుంటే గ్యాస్కెట్ ఒక్కటే అని చెప్పే మాట నమ్మొద్దు.

జీపులో వాల్వ్ లోపమని తేలితే ఇన్‌లెట్ వాల్వా, ఎగ్జాస్ట్ వాల్వా అన్నది కచ్చితంగా తెలుసుకోండి. ఇన్‌లెట్ అయితే హెడ్ విప్పి ఇంజనీరింగ్ వర్క్స్‌కు పంపితే సరి. ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు బ్లాక్‌లోనే ఉంటుంది. సీటు మార్చాలంటే బ్లాక్ మొత్తం దించే పని పడొచ్చు. హ్యాండిల్ పరీక్షలో సైలెన్సర్ వైపు విన్న బుస బేరంలో ఇక్కడ అక్కరకొస్తుంది.

సీసం లేని పెట్రోల్ గురించి ఒక మాట. దేశమంతటా సీసం కలిపిన పెట్రోల్ 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. ఆ సీసం పాత ఇనుప హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుకు మెత్త మాదిరి పనిచేసేది. గట్టి సీట్లు వేయని హెడ్‌తో హైవేల మీద గట్టిగా తిప్పితే సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగుతుంది, ట్యాపెట్ ఖాళీ (వాల్వుకూ దాన్ని నెట్టే ముక్కకూ మధ్య సందు) తగ్గిపోతుంది. వాల్వ్ కవర్ విప్పి ఫీలర్ గేజ్ పెట్టండి. ఎగ్జాస్ట్ ట్యాపెట్లలో ఖాళీయే లేకపోతే అదే జరిగింది. టకటకలాడే ట్యాపెట్ కన్నా నిశ్శబ్దంగా ఉన్న ట్యాపెట్టే ప్రమాదం.

వ్యాక్యూమ్ గేజ్‌కు మానిఫోల్డ్‌లో చోటుంటేనే తగిలించండి. వేడి ఇంజన్ ఐడిలింగ్‌లో ముల్లు 17 నుంచి 20 అంగుళాల (పాదరసం లెక్క) దగ్గర కదలకుండా నిలవాలి. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ ఒక అంగుళం తక్కువ చూపించడం సహజం. కడపలో ఆ మినహాయింపు అర అంగుళం కూడా ఉండదు. ముల్లు తాళం వేసినట్టు ఒకే లయలో కిందికి కొడుతుంటే ఒక వాల్వ్ కాలింది, సన్నగా వణుకుతుంటే గైడ్లు వదులు. 12, 14 దగ్గర స్థిరంగా ఉంటే ముందు టైమింగ్ సరిచేసి చూడండి, అప్పటికీ లేవకపోతే రింగులు.

ప్రెషర్, శబ్దం

డ్యాష్‌బోర్డు గేజ్‌ను పక్కనపెట్టి మీ మెకానికల్ గేజ్ తగిలించండి. బాగా వేడెక్కిన అంబాసిడర్ ఇంజన్ పరుగులో 40 నుంచి 60 పీఎస్ఐ, ఐడిలింగ్‌లో 15కు తగ్గకుండా చూపాలి. పెట్రోల్ జీపుకు పరుగులో 30, 35 ఉంటే చాలు. చల్లగా ఉన్నప్పుడు 60 చూపించి వేడెక్కాక ఐడిలింగ్‌లో 5కు పడిపోతే బేరింగులు అయిపోయినట్టే.

శబ్దాలకు పొడుగు స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి వినండి. పైన సన్నగా టిక్‌టిక్ ట్యాపెట్లు. ముందు వైపు గొలుసు ఊగిన శబ్దం టైమింగ్ చైన్. చల్లగా ఉన్నప్పుడు టకటకమని, వేడెక్కాక తగ్గిపోయేది పిస్టన్ ఊగడం. అట్లాంటి ఇంజన్ ఇంకా కొన్నాళ్లు లాగుతుంది. భయపడాల్సింది రెండిటికి. మధ్యస్థ వేగంలో రేస్ చేసి ఒక్కసారి వదిలేసినప్పుడు గట్టిగా కొట్టే శబ్దం కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌ది. ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో ఒక్కో ప్లగ్ వైరును బాడీకి ఎర్త్ చేస్తే, ఏ సిలిండర్ దగ్గర శబ్దం తగ్గుతుందో ఆ రాడ్డే. రెండోది, బరువు లాగేటప్పుడు కింది నుంచి లోతుగా దబదబమనేది: మెయిన్ బేరింగ్. మూడే మెయిన్ బేరింగులున్న అంబాసిడర్ క్రాంక్ ఈ స్థితిలో ఎన్నాళ్లు నడిస్తే జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) అంత గుంటలు పడుతుంది.

ఇక్కడే కాగితాలు అడగాలి. ఇంతకుముందు బోరింగ్ చేయించి ఉంటే బిల్లులో ఎంత ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశారు, క్రాంక్ ఎంత అండర్‌సైజ్ గ్రైండ్ చేశారు అన్నది ఉంటుంది. 10 అంటే అంగుళంలో వెయ్యికి పది వంతులు. 20, 30, 40 అట్లాగే. 10 మీద ఉన్న ఇంజన్‌కు ఇంకా మూడు జన్మలున్నాయి. 40 దగ్గర ఉన్నదానికి లైనర్లు (సిలిండర్లలోకి దించే కొత్త గొట్టాలు) వేయాల్సిందే, 40 అండర్‌సైజ్ క్రాంక్‌కు ఆ పైన బేరింగులు దొరకవు. బిల్లు లేదంటే 40 అనుకునే బేరం మొదలుపెట్టండి.

క్వారీలో, పొలంలో తిరిగిన జీపయితే ఎయిర్ క్లీనర్ విప్పి చూడండి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాతి పొడి మెత్తగా ఉంటుంది. క్లీనర్ కింది ఆయిల్ గిన్నె ఎండిపోయి, కార్బొరేటర్ గొట్టం లోపల దుమ్ము పట్టి ఉంటే ఆ దుమ్మంతా ఆయిల్‌తో కలిసి బోరును సానబట్టి ఉంటుంది. రింగులు మార్చితే సరిపోదు.

రోడ్డు మీద

నలుగురు కూర్చుని అరగంటకు తగ్గకుండా నడపండి. కర్నూలు, అనంతపురం వాళ్లు 44వ నంబరు హైవే మీద 50, 60 వేగంలో నిలకడగా నడిపితే చాలు. కడప వాళ్లకు రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది, అంతకన్నా మంచి పరీక్ష లేదు. ఎక్కేటప్పుడు నీళ్ల వేడి, ఆయిల్ ప్రెషర్ చూడండి. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఎక్సలేటర్ వదిలేసి కిందికి వచ్చి, చదునైన చోట తొక్కి అద్దంలో చూడండి. అప్పుడొక నీలం మేఘం లేస్తే వాల్వ్ గైడ్లు. ఆగాక ఇంజన్ ఆపి రేడియేటర్ వల మీద చెయ్యి తిప్పండి, చల్లగా తగిలిన చోట గొట్టాలు మూసుకుపోయాయి. పది నిమిషాలు ఆగి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. వేడిలో స్టార్ట్ కాకపోతే కాయిల్, కండెన్సర్, పెట్రోల్ ఆవిరై పైపులో ఆగడం, ఇవి చూసుకోవాలి. ఇవి చిన్నవే, కానీ ఎండాకాలంలో నడిరోడ్డు మీద నిలబెట్టేవి ఇవే.

మూలపడ్డ బండి అయితే

ఏళ్లుగా తిరగని ఇంజన్‌ను "బ్యాటరీ పెట్టి ఒకసారి కొడదాం" అంటే ఒప్పుకోవద్దు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో 15 మిల్లీలీటర్ల దాకా డీజిల్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్) సమపాళ్లలో కలిపి పోయండి. రెండు మూడు రోజులు నాననిచ్చి, ఆ తర్వాత హ్యాండిల్‌తో అటూ ఇటూ కొంచెం కొంచెం కదపండి. బలవంతంగా తిప్పితే తుప్పుతో అంటుకున్న రింగు విరిగి బోరును చీలుస్తుంది. కదలకపోతే ఇంజన్ విలువ సున్నా అనుకుని, బాడీకీ కాగితాలకీ మాత్రమే ధర కట్టండి. కదిలితే కూడా కంప్రెషన్ అంకెలకు వెంటనే విలువివ్వకండి. రింగులు మళ్లీ సర్దుకోవడానికి కొంతసేపు నడవాలి.

బేరానికి కూర్చునేముందు మీ ఊరి బోరింగ్ షాపులో ఫుల్ ఇంజన్ పనికి ఎంతవుతుందో అడిగి రాసుకుని ఉండండి. అందులో మీరు పట్టిన లోపాలకు ఏ పని చాలో లెక్కగట్టి, దొరకని పార్టుల కోసం ఒకటికి రెండుసార్లు హైదరాబాదో బెంగళూరో తిరిగే ఖర్చు కలిపి తగ్గించండి. హెడ్ చిట్లిందన్న అనుమానం ఉంటే దాన్ని విప్పి ప్రెషర్ పెట్టి చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వకపోవడమే మంచిది. అడ్వాన్స్ ఇచ్చేరోజు ఇంజన్ నంబరు, నాలుగు కంప్రెషన్ అంకెలు, కార్బొరేటర్, డైనమో, డిస్ట్రిబ్యూటర్ ఫోటోలు ఒప్పంద కాగితానికి జతచేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. బండిని మీ పేరు మీదికి మార్చుకునే 29, 30 ఫారాల మీద కూడా అప్పుడే సంతకాలు తీసుకోండి. అడ్వాన్సుకీ బండి తీసుకెళ్లే రోజుకీ మధ్యలో మంచి కార్బొరేటర్ మాయమై పనికిరానిది వచ్చి కూర్చోవడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. ఆ ఫోటోలతో సరిచూసుకుని, హ్యాండిల్ రాడ్ డిక్కీలో ఉందో లేదో చూసి బయల్దేరండి.